మోటారుకారులో శబ్దవర్ధకం

మోటారుకారులో పాట వినదలచి ఆంప్లిఫయరు కొనబోయేవారు దుకాణదారుని అడిగే మొదటి ప్రశ్న సాధారణంగా ఒక్కటే: "ఎన్ని వాట్లు?" పాతబస్తీ వారు నయాపూల్ దాటి కోఠీ బజారుకు వెళ్లినా, తమ పేటలోని కారు సామానుల దుకాణానికే వెళ్లినా, అట్టపెట్టెల మీద 1000 అనో 2000 అనో పెద్ద అంకెలు పలకరిస్తూ ఉంటాయి. అంకె ఎంత పెద్దదయితే పాట అంత గొప్పగా ఉంటుందని కొనేవారి నమ్మకం. ఆ నమ్మకాన్ని చెడగొట్టడం అమ్మేవారికి లాభం కాదు.

ఆ అంకె పక్కన మరొక పాత అంకెను నిలబెట్టి చూద్దాము. 1935 ఫిబ్రవరి 3వ తేదీన నిజాం ప్రభుత్వ అధీనంలో ప్రసారాలు మొదలుపెట్టిన దక్కన్ రేడియో ప్రేషకయంత్రం శక్తి 200 వాట్లు. మూసీనదికి ఉత్తరపు వైపున, చిరాగ్ అలీ వీధిలో నెలకొన్న ఆ కేంద్రం అంతమాత్రపు శక్తితోనే నగరవాసులకు గానమూ ప్రసంగమూ వినిపించింది. రేడియో తరంగాలను పంపే వాట్లు వేరు, లౌడ్‌స్పీకరును కదిలించే వాట్లు వేరు. రెండింటినీ ఒకే తక్కెడలో తూచరాదు. రేడియోలో పనిచేసే మాకు ఆ భేదం నిత్యానుభవమే. అయినా, ఒక నగరానికి 200 చాలిన చోట, నలుగురు కూర్చుండే ఇనుప గదికి 1000 ఎందుకు కావలసి వచ్చినదని అడగడంలో తప్పు లేదు.

దీనికి సమాధానం శబ్దవర్ధకాల చరిత్రలోనే ఉన్నది. ఆ చరిత్రను ఆద్యంతం చూస్తే ఒక సంగతి తేటతెల్లమవుతుంది. శక్తి ఎంత అన్నది మొదటి ప్రశ్న ఎన్నడూ కాలేదు. ఆ శక్తిని ఎక్కడ నుండి తెస్తున్నాము, దేనికి అందిస్తున్నాము, ఎంత చోటులో ఎవరికి వినిపిస్తున్నాము అనే మూడు ప్రశ్నలే ఆది నుండి ఇంజనీర్లను వేధించాయి. ఈనాటి కొనుగోలుదారు అడుగవలసినవి కూడా ఆ మూడే.

విద్యుత్తు రాక పూర్వం శబ్దాన్ని దూరం పంపే భారం కట్టడం మీదా, కంఠం మీదా, చర్మవాద్యం మీదా ఉండేది. గోలకొండలో ఫతే దర్వాజా కప్పు కింద కొట్టిన చప్పట్లు కొండ మీది బాలాహిసారులో వినబడడం చూచి యాత్రికులు నేటికీ అబ్బురపడుతున్నారు. అక్కడ శబ్దం పెరగలేదు. నలుదిక్కులా చెదరిపోవలసినది ఒక దిక్కుకు మళ్లినది, అంతే. 1591లో చార్మినారు వెలసిన తరువాత దానికి ఉత్తరాన చార్‌కమాన్ అనే నాలుగు కమానులు లేచాయి. వాటిలో తూర్పు కమాను రాజదుందుభులు మ్రోగే నక్కారుఖానాగా ఉండేది. నగారాను ఎత్తయిన చోట ఉంచి మ్రోగించడంలో ఉన్న తెలివి ఏమిటి? చోటును ఎరిగి శబ్దాన్ని పెట్టడమే.

పాతబస్తీలోని చౌమహల్లా ప్రాసాదంలో ఒక పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారు ప్రదర్శనలో ఉన్నది. ఆరవ నిజాం మహబూబ్ అలీ పాషా హయాములో ఆర్డరు ఇచ్చిన బండి అది. 1911 ఆగస్టులో ఆయన కాలధర్మం చెందిన తరువాత గాని అది నగరానికి చేరలేదు. ఆ కారు జాతి పేరు సిల్వర్ ఘోస్ట్, అంటే వెండి దయ్యం. ఇంజను తిరుగుతున్నదో లేదో తెలియనంత నిశ్శబ్దంగా నడుస్తుందన్న ప్రఖ్యాతి వల్ల వచ్చిన పేరు అది. ఆనాడు మోటారుకారు గొప్పతనం దాని నిశ్శబ్దంలో ఉండేదన్న మాట. ఈ సంగతి గుర్తుంచుకోవలసినది. దీనితో మనకు ముందు పని ఉన్నది.

ఆ కారు తయారయ్యే నాటికే శబ్దవర్ధకానికి బీజం పడింది. 1906లో లీ డి ఫారెస్ట్ అనే అమెరికా దేశస్థుడు మూడు ఎలక్ట్రోడులు గల గాజు వాల్వును నిర్మించి దానికి ఆడియన్ అని పేరు పెట్టాడు. దాని మర్మం సరిగా బోధపడడానికి మరి కొన్ని సంవత్సరాలు పట్టింది. బోధపడిన తరువాత దూరపు టెలిఫోనుకూ రేడియోకూ అదే ప్రాణమయినది. 1925లో రైస్, కెలాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు తీగచుట్ట కదలికతో పనిచేసే లౌడ్‌స్పీకరును లోకానికి చూపారు. నేటి కారు తలుపులో ఉండే స్పీకరు దాని సంతతియే. 1927లో హెరాల్డ్ బ్లాక్ అనే టెలిఫోను ఇంజనీరు, శబ్దవర్ధకం నుండి బయటికి వచ్చే ధ్వనిలో కొంత భాగాన్ని వెనుకకు మళ్లించి, తలక్రిందులుగా లోపలికి పంపి, యంత్రం కలిపే కల్తీని తగ్గించే ఉపాయం కనిపెట్టాడు. వర్ధకం ధ్వనిని పెంచాలేగాని తన సొంత మాట కలపరాదన్న నియమం అప్పటి నుండే స్థిరపడింది.

ఇంతకూ శబ్దవర్ధకం చేసే పని ఏమిటి? చిన్న ధ్వనిని పట్టుకొని అది సాగదీస్తుందని చాలామంది అనుకుంటారు. నిజం అది కాదు. పాతబస్తీ అంచున ఉన్న మీర్ ఆలం చెరువును తలచుకుంటే విషయం సులభంగా బోధపడుతుంది. పందొమ్మిదవ శతాబ్ది తొలి సంవత్సరాలలో కమానుల వరుసతో కట్టిన ఆనకట్ట అది. చెరువుకు తూము ఉన్నదనుకుందాము. తూము తలుపును ఎత్తి దించడానికి ఒక మనిషి చేతి బలం చాలు. ఆ చేతి కదలికను బట్టి వెల్లువగా నీరు దూకుతుంది, లేదా సన్నని ధారగా జారుతుంది. దూకే బలం చేతిది కాదు, చెరువుది. శబ్దవర్ధకంలో పాట సంకేతం తూమును కదిలించే చెయ్యి. విద్యుత్తు ఇచ్చే బ్యాటరీయే చెరువు. చెరువులో నీరు లేకుండా తూము ఎంత వెడల్పు చేసినా ఏమి లాభం? అట్టపెట్టె మీది అంకె తూము వెడల్పును చెప్పవచ్చును గాని చెరువు లోతును చెప్పదు.

దక్కన్ రేడియో కొద్ది సంవత్సరాలకే సరూర్‌నగర్‌లో 5 కిలోవాట్ల ప్రేషకయంత్రాన్ని సంపాదించుకున్నది. ఉర్దూతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడ కార్యక్రమాలను కూడా అందించినది. 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో చేరినది. ఆ తరపు ఇళ్లలో, చెక్కపెట్టెలో ఇమిడి, వెనుక వాల్వులు ఎర్రగా వెలిగే రేడియోలు ఉండేవి. వాటిలో లౌడ్‌స్పీకరుకు చేరిన శక్తి సామాన్యంగా 3, 4 వాట్లకు మించేది కాదు. ఆ నాలుగు వాట్లతోనే వాకిట్లో కూర్చున్న తాతగారికీ, వంటింట్లో ఉన్న అమ్మకూ, గోడకు ఆవల ఉన్న పొరుగువారికీ వార్తలు వినబడేవి. ఇంటి రేడియోకు వీధి కరెంటు అండగా ఉన్నది. మోటారుకారుకు ఆ అండ లేదు. కథలో చిక్కు ఇక్కడే మొదలయినది.

1930లో షికాగో నగరపు గాల్విన్ సంస్థాధిపతి పాల్ గాల్విన్ తన కారులో రేడియో బిగించుకొని అట్లాంటిక్ సిటీలో జరుగుతున్న రేడియో తయారీదారుల సభ దగ్గరికి నడుపుకుంటూ పోయి, సభాభవనం వెలుపల నిలిపి వచ్చేపోయేవారికి వినిపించాడు. అట్లా బజారుకెక్కిన ఆ కారు రేడియో పేరే మోటరోలా. తరువాత ఆ సంస్థ పేరు కూడా అదే అయినది. 1932లో జర్మనీకి చెందిన బ్లౌపుంక్ట్ సంస్థ ఐరోపాలో మొదటి కారు రేడియోను తెచ్చింది. దాని బరువు సుమారు 15 కిలోలు. వెల 465 మార్కులు, అంటే ఆనాటి చిన్న కారు వెలలో ఇంచుమించు మూడవ వంతు. పెట్టె వేరొకచోట ఉంచి, డ్రైవరు చేతికి అందేటట్లు స్టీరింగు దండం మీద మీటలు అమర్చవలసి వచ్చింది.

అంత బరువు ఎందుకు? వాల్వులు పనిచేయడానికి వందల వోల్టులు కావాలి. ఆనాటి కార్ల బ్యాటరీ ఇచ్చేది ఆరే వోల్టులు. అందుచేత వైబ్రేటరు అనే చిన్న పరికరాన్ని పెట్టారు. అది సెకనుకు నూరుసార్లకు పైగా వణుకుతూ, బ్యాటరీ కరెంటును ముక్కలు ముక్కలుగా తెంచేది. తెంచిన కరెంటును ట్రాన్స్‌ఫార్మరు వందల వోల్టులకు ఎత్తేది. పాట లేని వేళ ఆ వైబ్రేటరు తుమ్మెదవలె రొదచేయడం ఆ రేడియోల లక్షణం. ఇంజను నిప్పురవ్వల చిటపట కూడా స్పీకరులోకి దూరేది. దానిని అణచడానికి ప్లగ్గులకూ డిస్ట్రిబ్యూటరుకూ నిరోధకాలు తగిలించేవారు. కారులో శబ్దవర్ధకం అంటే మొదటి సమస్య బ్యాటరీ, రెండవది ఇంజను రొద అని ఆనాడే తేలిపోయింది. తొంబది సంవత్సరాలు గడిచినా ఈ క్రమం మారలేదు.

1947లో బెల్ పరిశోధనాలయంలో ట్రాన్సిస్టరు జన్మించింది. 1955లో క్రైస్లర్, ఫిల్కో సంస్థలు వాల్వు ఒక్కటైనా లేని కారు రేడియోను ప్రకటించాయి. వందల వోల్టులు అక్కరలేదు కనుక వైబ్రేటరుకు సెలవు దొరికినది. మన దేశంలో బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1962లో జర్మేనియం ట్రాన్సిస్టర్ల తయారీ చేపట్టింది. అంబాసిడరు, ఫియట్ కార్లు మన రోడ్ల మీద తిరుగుతున్న ఆ రోజుల్లో రేడియో విడిగా కొని పెట్టించుకునే వస్తువు. దానికి లైసెన్సు కూడా తీసుకోవలసి ఉండేది. 1963లో ఫిలిప్స్ సంస్థ తెచ్చిన కాసెట్టు కొన్నాళ్లకు కారులోకి ఎక్కిన తరువాత, శ్రోత రేడియో కేంద్రం వారి ఇష్టాన్ని కాక తన ఇష్టాన్ని వినసాగాడు. ఇష్టమయిన పాట గట్టిగా వినాలన్న కోరిక సహజంగానే దాని వెంట వచ్చింది.

కోరిక పెరిగినది గాని బ్యాటరీ 12 వోల్టుల దగ్గరనే ఆగిపోయింది. ఇక్కడ కొంచెం లెక్క చేయక తప్పదు. లెక్క చిన్నదే. ఇంజను నడుస్తుండగా కారులో సుమారు 14 వోల్టులు ఉంటాయి. సాధారణమైన శబ్దవర్ధకం ఆ 14 వోల్టుల మధ్యనే పైకీ కిందికీ ఊగవలె. అంటే ఒక్కొక్క వైపు 7 వోల్టులు. నిలకడ విలువ కట్టితే 5 వోల్టులు. కారు స్పీకరు నిరోధం సామాన్యంగా 4 ఓములు. అయిదును అయిదుతో గుణించి నాలుగుతో భాగిస్తే 6 వాట్లు వస్తాయి. స్పీకరు రెండు కొసలనూ రెండు వర్ధకాలు చెరొక దిక్కుకు లాగే బ్రిడ్జి పద్ధతిలో వోల్టేజి రెట్టింపవుతుంది, శక్తి నాలుగు రెట్లవుతుంది. అప్పుడు 25 వాట్లు. నష్టాలు పోను మిగిలేది 20 వాట్లు లేదా అంతకు తక్కువ.

మరి కారు స్టీరియో ముఖం మీద "50 వాట్లు, నాలుగు చానళ్లు" అని ఉంటుందే, అది ఎట్లా వచ్చింది? పద్నాలుగును పద్నాలుగుతో గుణించి నాలుగుతో భాగించి చూడండి. 49 వస్తుంది. పాట పాటగా ఉన్నంతవరకు అంత శక్తి రాదు. తరంగం శిఖరాలు నరికివేసి చదునుగా చేసిన చెడ్డ ధ్వనిలో మాత్రమే అది లెక్కకు వస్తుంది. అబద్ధం అనడానికి వీలులేదు, నిజమని నమ్మడానికి అంతకంటె వీలులేదు. అందుచేత పెట్టె మీద గరిష్ఠ శక్తి అని వ్రాసినదాన్ని పక్కన పెట్టి, ఆర్.ఎం.ఎస్. అని వ్రాసిన నిలకడ శక్తిని మాత్రమే చదువవలె. అది కూడా ఎన్ని ఓముల వద్ద, ఎన్ని వోల్టుల వద్ద, ఎంత కల్తీతో కొలిచినదో చెప్పినప్పుడే దానికి అర్థం ఉంటుంది.

ఈ 20 వాట్ల గట్టును దాటడానికి వేరే పెట్టె కావలసి వచ్చింది. 1970 దశకం ఆరంభంలో అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో జిమ్ ఫాస్‌గేట్ అనే ఇంజనీరు కారుకోసమే విడిగా పెద్ద శక్తి గల ఆంప్లిఫయరును నిర్మించి ప్రసిద్ధికెక్కాడు. అటువంటి పెట్టెలో సగభాగం పనిచేసేది పాట మీద కాదు, కరెంటు మీద. 12 వోల్టుల కరెంటును క్షణానికి వేలసార్లు తెంచి, ట్రాన్స్‌ఫార్మరు గుండా నడిపించి, 30 వోల్టులకో అంతకు పైకో ఎత్తి వర్ధకానికి అందిస్తారు. 1930 దశకపు వైబ్రేటరు చేసిన పని ఇదే కదా! తుమ్మెద రొద చేసే ఇనుప రేకు స్థానాన్ని నిశ్శబ్దమయిన ట్రాన్సిస్టరు ఆక్రమించినది. పాత సమస్యకు పాత పరిష్కారమే కొత్త వేషంలో తిరిగి వచ్చినది. పెట్టె నాణ్యం ఈ భాగంలోనే తేలుతుంది. చౌకబారు సరకులో మొదట కోత పడేది కూడా ఇక్కడే.

ఆంప్లిఫయర్లలో ఎ-బి తరగతి, డి తరగతి అని రెండు రకాలను దుకాణాలలో చూస్తాము. మొదటి దానిలో ట్రాన్సిస్టర్లు పాట ఒరవడిని అనుసరించి కొంచెం కొంచెంగా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. పూర్తి శక్తి వద్ద తీసుకున్న కరెంటులో సుమారు 60 శాతం పాటగా మారుతుంది, మిగిలినది వేడిగా పోతుంది. రెండవ దానిలో ట్రాన్సిస్టర్లు స్విచ్చివలె పూర్తిగా తెరుచుకొనడమో పూర్తిగా మూసుకొనడమో చేస్తాయి. అందులో 85 శాతం వరకు పనికివస్తుంది. ఒకప్పుడు డి తరగతి బేస్ శబ్దానికే తగినదని అనేవారు. ఈనాడు మంచి తయారీలో ఆ మాట నిలవదు. నిజంగా 400 వాట్లు ఇవ్వవలసి వస్తే మొదటి రకం 14 వోల్టుల వద్ద 47 ఆంపియర్లకు పైగా లాగుతుంది. రెండవది 34 ఆంపియర్లతో సరిపెట్టుకుంటుంది. చిన్న కారు ఆల్టర్నేటరు ఇవ్వగలిగినది 60 నుండి 90 ఆంపియర్లు. దానిలోనే దీపాలు, చల్లగాలి యంత్రం, ఇంజను పరికరాలు అన్నీ బ్రతకాలి. సంగీతంలో సగటు వాడకం గరిష్ఠం కంటె బాగా తక్కువ అన్నది నిజమే. అయినా చెరువు లోతు ఎంతో ముందు తెలుసుకొని తూము కొనడం గృహస్థుల పద్ధతి.

ఇక్కడ పాట మాత్రమే కాక ప్రాణం కూడా లెక్కలోకి వస్తుంది. 40, 50 ఆంపియర్లు పారే తీగ సన్ననిదయితే వేడెక్కుతుంది. దాని పైపొర ఇనుప రేకు అంచుకు రాచుకొని తెగితే బ్యాటరీ శక్తి అంతా ఒక్కచోట కుమ్మరిస్తుంది, మంట లేస్తుంది. అందుకని బ్యాటరీకి జానెడు, రెండు జానల దూరంలోపుననే ఫ్యూజు ఉండవలె. ఫ్యూజు ఉన్నది ఆంప్లిఫయరును కాపాడడానికి కాదు, తీగను కాపాడడానికి. రేకు గుండా తీగ దూరే రంధ్రానికి రబ్బరు కట్టు ఉండవలె. తీగ నిజమైన రాగిదో, రాగి పూత పూసిన అల్యూమినియందో అడిగి తెలుసుకోవలె. పూత తీగ అదే లావున రాగి కంటె తక్కువ కరెంటు మోస్తుంది. ఆంప్లిఫయరు మీద వేలు ఖర్చుచేసి తీగ మీద వందలు మిగుల్చుకొనడం మంచి బేరం కాదు.

ఇక రెండవ ప్రశ్న, ఈ శక్తిని అందుకునేది ఏమిటి అన్నది. స్పీకరుకు ఒక వాట్టు ఇచ్చి మీటరు దూరంలో ఎంత శబ్దం వచ్చిందో కొలుస్తారు. సాధారణంగా 90 డెసిబెల్స్ వస్తుంది. శక్తిని రెట్టింపు చేస్తే పెరిగేది మూడే డెసిబెల్స్. పది రెట్లు చేస్తే పది డెసిబెల్స్ పెరుగుతుంది. అప్పుడు గాని చెవికి శబ్దం రెట్టింపయినట్లు తోచదు. అంటే 50 వాట్ల పెట్టె బదులు 100 వాట్లది కొంటే, డబ్బు రెట్టింపయినా వినికిడిలో తేడా స్వల్పం. దానికి బదులు 87 డెసిబెల్స్ స్పీకరును తీసి 90 డెసిబెల్స్ స్పీకరును పెట్టించినా అదే ఫలితం.

పది వాట్లకే 100 డెసిబెల్స్ వస్తున్నది గదా, మరి ఎక్కువ ఎందుకు? మృదంగం మీద దరువు పడినప్పుడు, గాయకుడు ఒక్కసారిగా తారస్థాయి అందుకున్నప్పుడు, సగటు కంటె పదిరెట్లు శక్తి ఒక క్షణం పాటు అవసరపడుతుంది. ఆ క్షణంలో వర్ధకం చేతులెత్తివేస్తే తరంగ శిఖరాలు తెగి ధ్వని బొంగురుపోతుంది. చిన్న స్పీకర్లు వేడెక్కి కాలిపోయేది కూడా అప్పుడే. కనుక ఒక్కొక్క స్పీకరుకు నిజమైన 50 వాట్లు, మందర ధ్వనిని ఇచ్చే సబ్‌వూఫరుకు 150, 200 వాట్లు ఉంటే కుటుంబం ప్రయాణం చేసే కారుకు సమృద్ధి. స్పీకరు భరించే నిలకడ శక్తీ వర్ధకం ఇచ్చే నిలకడ శక్తీ ఇంచుమించుగా సరిపోవలె. ఓములు వర్ధకం అనుమతించిన దానికంటె తగ్గరాదు. గెయిన్ అని వ్రాసిన మీటను శబ్దం పెంచే మీటగా భావించి కొసదాకా తిప్పేవారున్నారు. అది ముందున్న స్టీరియోకూ వర్ధకానికీ పొత్తు కుదిర్చే మీట మాత్రమే.

మూడవ ప్రశ్న చోటును గురించినది. చౌమహల్లాలోని సిల్వర్ ఘోస్ట్ మనకు పనికివచ్చేది ఇక్కడ. కారు నడుస్తుండగా చక్రాల రొద, గాలి రొద, ఇంజను రొద లోపలికి వస్తూనే ఉంటాయి. పాట వాటిని మించి వినబడవలె. శక్తిని పెంచి రొదను జయించడం ఒక మార్గం. రొదనే తగ్గించడం మరొక మార్గం. తలుపు రేకు లోపలి వైపు శబ్దాన్ని మింగే పలకలు అతికించి రొదను మూడు డెసిబెల్స్ తగ్గించగలిగితే, ఆంప్లిఫయరు శక్తిని రెట్టింపు చేసినంత ప్రయోజనం. పైగా తలుపు రేకు గిలక్కాయవలె కొట్టుకొనదు. ఆ పాత కారు నిర్మాతలు ఎరిగిన విద్యే ఇది.

చెవి విషయం మరవరాదు. 85 డెసిబెల్స్ శబ్దంలో ఎనిమిది గంటలకు మించి ఉండరాదనీ, ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కూ వ్యవధి సగం చేసుకొనవలెననీ అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ సూచన. ఆ లెక్కన 100 డెసిబెల్స్ వద్ద చెవికి దక్కేది రోజుకు 15 నిమిషాలు. చెవిలోని సూక్ష్మకణాలు ఒకసారి నశిస్తే తిరిగి మొలవవు. వెనుక సీటులో, సబ్‌వూఫరుకు ఆనుకొని కూర్చునేది తరచు పిల్లలే.

చోటు అన్నది కారు అద్దాల వరకే కాదు. పాతబస్తీ వీధులు విశాలమైన రహదారులు కావు. ఇరుపక్కలా ఇళ్లు ఒకదానినొకటి ఆనుకొని ఉండే గల్లీలలో శబ్దం పైకి పోయేదాకా గోడకూ గోడకూ మధ్య తారట్లాడుతుంది. చార్మినారు దగ్గరనే నిజామియా యునానీ వైద్యశాల ఉన్నది. మూసీ దిక్కున పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రి ఉన్నది. మందర ధ్వని తరంగం పొడవైనది. అద్దం ఎత్తినంత మాత్రాన అది ఆగదు. కారులోని యువకునికి రెండు నిమిషాల ఉల్లాసం, గల్లీ పొడవునా నిద్రిస్తున్న పసివారికీ రోగులకూ రెండు నిమిషాల ఉలికిపాటు అవుతుంది.

కారు డిక్కీలో మొదలయిన ఈ పోటీ లారీ మీదికి ఎక్కి డి.జె. బండి అయినది. పెళ్లి ఊరేగింపులలోనూ పండుగ ఊరేగింపులలోనూ జెనరేటరు వెంటబెట్టుకొని, స్పీకర్లు గోడవలె పేర్చి, కిటికీలు అదిరేటట్లు మ్రోగించడం నగరమంతటా పరిపాటి అయినది. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలు నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి విధించాయి. ఆసుపత్రులు, విద్యాలయాలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలంగా పరిగణించవచ్చునని చెప్పాయి. రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు లౌడ్‌స్పీకర్లు కూడదన్నాయి. 2005 జూలైలో సుప్రీంకోర్టు ఈ విషయంలో విస్తృతమైన తీర్పు చెప్పింది. 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డి.జె. పరికరాలను నిషేధిస్తూ ఉత్తర్వు జారీచేశారు. ఆ ఉత్తర్వు ఏ ఒక్క సమాజాన్నో ఉద్దేశించినది కాదు. అందరి వీధీ ఒక్కటే, అందరి చెవీ ఒక్కటే.

సంబరానికి సందడి ఉండవలెననడం న్యాయమే. పాతబస్తీ పెళ్లిళ్లలో తరతరాలుగా మర్ఫా వాద్యం మ్రోగుతున్నది. నిజాముల కొలువులో చేరిన అరబ్బు, సిద్దీ కుటుంబాల ద్వారా నగరానికి అబ్బిన దరువు అది. దానికి బ్యాటరీ లేదు, వాట్లు లేవు. వాయించేవారి చేయి అలసినప్పుడు అది ఆగుతుంది, లయ మారుతుంది, మళ్లీ లేస్తుంది. మనిషి చేతికి ఉన్న ఆ హద్దును యంత్రం తొలగించినది. తొలగిన హద్దును మనమే తిరిగి నిర్ణయించుకొనవలె. శబ్దవర్ధకాన్ని ఎంపిక చేయడమంటే అసలు అర్థం అదే.

కనుక దుకాణంలో అడిగే మొదటి ప్రశ్నను మార్చుకుందాము. మా కారు ఆల్టర్నేటరు ఎన్ని ఆంపియర్లు ఇస్తుంది? మా స్పీకర్లు ఎన్ని ఓములవి, ఎంత నిలకడ శక్తి భరిస్తాయి? తీగ రాగిదేనా, ఫ్యూజు బ్యాటరీ పక్కన పెడతారా? మా తలుపులు కొట్టుకొనకుండా ముందు ఏమి చేయాలి? ఈ ప్రశ్నలకు ఓపికగా సమాధానం చెప్పే దుకాణదారు దగ్గర కొన్న 300 వాట్ల పెట్టె, చెప్పలేని వాని దగ్గర కొన్న 2000 వాట్ల పెట్టె కంటె ఎక్కువ కాలం, ఎక్కువ తియ్యగా పాడుతుంది. కొనే ముందు మీకు బాగా పరిచయమయిన పాట ఒకటి వెంట తీసుకొనిపోయి, తక్కువ శబ్దంలో వినండి. తక్కువలో మాట స్పష్టంగా వినబడని యంత్రం ఎక్కువలో బాగుపడదు. నాలుగు వాట్ల చెక్కపెట్టె రేడియో ముందు కూర్చున్న మన పెద్దలు ఈ పరీక్షను ప్రతి సాయంత్రం చేస్తూనే ఉండేవారు. వారు మెచ్చినది శబ్దాన్ని కాదు, వినికిడిని.